తండా దాటడానికి ఒక కాగితం

దేశం బయట పని కుదిరిన మన పిల్లలను ఇప్పుడు ముందుగా అడిగే కాగితాల్లో పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ఒకటి. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు, పీసీసీ అంటారు. ఈ మనిషి మీద చెడు సమాచారం ఏదీ లేదని, ఫలానా దేశం వెళ్లడానికి అడ్డు లేదని ప్రభుత్వం రాసిచ్చే ఒక్క పేజీ అది. దేవరకొండ దగ్గరో, అచ్చంపేట దగ్గరో ఒక తండా పిల్లవాడు దానికి దరఖాస్తు పెడతాడు. కొన్నాళ్లకు పోలీసుస్టేషన్ నుంచి ఫోను వస్తుంది. ఇంట్లో ముసలివాళ్ల ముఖాలు మారిపోతాయి. "ఏం చేసినవ్ రా?" అని ముందు పిల్లవాడినే అడుగుతారు. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా పీసీసీ ఎట్లా తీసుకోవాలో మాత్రమే చెబితే సగం సంగతే చెప్పినట్టు. పోలీసు కాగితం మన జాతులకు కొత్తది కాదు. నూరేళ్ల కింద అది ఊరు దాటడానికే కావాల్సి వచ్చింది.

లంబాడీల చేతికి వచ్చిన మొదటి అనుమతి పత్రం కాగితం కాదు, రాగిరేకు అని పెద్దలు చెబుతారు. 1630 ప్రాంతంలో షాజహాన్ సైన్యం దక్కన్ మీదికి వచ్చినప్పుడు, ఆసఫ్ ఖాన్ దండు వెంట ఎడ్ల మీద ధాన్యం మోసిన భంగీ, జంగీ నాయకులకు బంగారు అక్షరాలతో ఆ రేకు రాసిచ్చారని కథ. బేరార్‌లో పనిచేసిన కంబర్లెజ్ అనే బ్రిటిష్ అధికారి పందొమ్మిదో శతాబ్దంలో దాన్ని నమోదు చేశాడు. నీళ్లు దొరకనప్పుడు ఇళ్లలోని కుండల నీళ్లు తీసుకోవచ్చు, మేత దొరకనప్పుడు ఇంటి కప్పు మీది గడ్డి పీకి ఎడ్లకు వేయవచ్చు, రోజుకు మూడు హత్యలైనా మాఫీ, దండు గుర్రాలు ఎక్కడుంటే ఈ ఎడ్లు అక్కడుండాలి. దాని సారం ఇంతే. రేకు నిజమా, కల్పనా అని వాదించేవాళ్లున్నారు. నాకు ఆ వాదన కంటే చివరి షరతు ముఖ్యంగా కనిపిస్తుంది. రాజుకు మన ఎడ్లు కావాలి, అందుకే దారి వదిలాడు. మనం మంచివాళ్లమా చెడ్డవాళ్లమా అని ఎవరూ అడగలేదు. మూడు హత్యలు మాఫీ అనడంలోనే ఆ అవసరం ఎంతటిదో తెలుస్తుంది.

ఆ అవసరం తీరిపోయిన రోజున కథ తిరగబడింది. తీరం నుంచి ఉప్పు లోపలి జిల్లాలకు, లోపలి నుంచి ధాన్యం, పత్తి బయటికి చేరవేసే లదేణి మన జీవనాధారం. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1889 నాటికి ఆ దారి బెజవాడ దాకా సాగింది. ఎడ్లు నెలల తరబడి మోసేది బండి రోజుల్లో మోసింది. ఉప్పు మీద ఇంగ్లీషు వాళ్ల పన్నులు, గుత్తాధిపత్యం అప్పటికే వ్యాపారాన్ని సగం చంపాయి. అడవుల్లో మేతకు రుసుములు పడ్డాయి. సరుకు లేకుండా తిరిగేవాడిని ఊరి పెద్దలూ, పోలీసులూ వేరే కన్నుతో చూడడం మొదలుపెట్టారు. నిన్నటిదాకా వ్యాపారి, నేడు అనుమానితుడు. మనిషి అదే, దారి అదే. ఎరుకల వాళ్లదీ ఇదే కథ. వాళ్లు కూడా ఉప్పు, ధాన్యం మోసినవాళ్లే, గాడిదల మీద.

సరిగ్గా ఆ కాలంలోనే, 1871లో, బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. మొదట ఉత్తరాదిన అమలైంది. 1911లో కొత్త చట్టం వచ్చాక మద్రాసు రాష్ట్రానికీ పాకింది. 1924లో మళ్లీ సవరించి ఒకటిగా కూర్చారు. హైదరాబాదు రాజ్యం బ్రిటిష్ ఇండియా కాదు గనుక ఆ చట్టం మన మీద నేరుగా పడలేదు. కానీ నిజాం ప్రభుత్వం అదే పద్ధతిని తన చట్టంతో తెచ్చుకుంది. లంబాడీలు, ఎరుకలు దాని నీడలోకి వచ్చారు.

ఆ చట్టం ఎట్లా పనిచేసిందో పిల్లలకు కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే పాఠ్యపుస్తకాల్లో ఇది ఒక్క వాక్యంగా వచ్చి పోతుంది. ఒక తెగను ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటిస్తుంది. ఆ ప్రకటన తప్పని ఏ కోర్టులోనూ అడగడానికి లేదు. తర్వాత జిల్లా మేజిస్ట్రేటు ఆ తెగవాళ్ల పేర్లు ఒక రిజిస్టరులో ఎక్కిస్తాడు. 1911 చట్టం ప్రకారం వేలిముద్రలు తీసుకోవచ్చు. రిజిస్టరులో పేరున్న మనిషి నిర్ణయించిన వేళకు హాజరు పలకాలి. ఇల్లు మారితే చెప్పాలి, వేరే ఊరికి పోతే ముందే చెప్పాలి. హద్దులు గీసిన చోట పాస్ లేకుండా దాటితే వారంటు అక్కర్లేదు, పోలీసులే కాదు, ఊరి కావలివాడు కూడా పట్టుకోవచ్చు. దొంగతనం జరిగిందా లేదా అన్నది ఇందులో ఎక్కడా రాదు. పుట్టుకే సాక్ష్యం. ఇంకొక అంశం ఉపాధ్యాయులుగా మనం గుర్తుంచుకోవలసింది: పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి పారిశ్రామిక పాఠశాలల్లో, సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. అంటే మన పిల్లల్లో కొందరికి బడి మొదటిసారి ఎదురైంది శిక్షలో భాగంగా. బడి బయట పిల్లలను చేర్పించడానికి తండాకు పోయినప్పుడు ముసలమ్మలు బిడ్డను వెనక్కి లాక్కుంటే, అది చదువు విలువ తెలియక చేసిన పని అని మనం తొందరపడి రాసుకుంటాం.

రిజిస్టరు తర్వాతి మెట్టు సెటిల్‌మెంటు. కుటుంబాలను మొత్తంగా తెచ్చి ఒకచోట పెట్టి కాపలా కాయడం. ఆంధ్ర ప్రాంతంలో 1913లో సాల్వేషన్ ఆర్మీ వాళ్ల చేతికి ఇచ్చిన స్టూవర్టుపురం పేరు అందరికీ తెలుసు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు నడిపినది ఇంకొకటి. మన దగ్గర కూడా ఒకటి ఉండేదని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? మహబూబ్‌నగర్ జిల్లా లింగాలలో నిజాం ప్రభుత్వం సెటిల్‌మెంటు నడిపింది. ఇప్పుడు అది నాగర్‌కర్నూల్ జిల్లాలో మండల కేంద్రం. అచ్చంపేట నుంచి బస్సు పోతుంది. అక్కడ పనిచేసే ఉపాధ్యాయులు పిల్లలను ఒక మధ్యాహ్నం ఊళ్లోకి తీసుకుపోయి, పాత మనుషులను కూర్చోబెట్టి అడిగిస్తే మన చరిత్రకు ఎంతో మేలు. రాతలో ఉన్నదంతా కాపలా కాసినవాళ్లు రాసిందే. కాపలాలో బతికినవాళ్ల మాట ఇంకా నోళ్లలోనే ఉంది, అది కూడా ఎక్కువ కాలం ఉండదు.

వేలిముద్ర గురించి ఒక మాట. ప్రపంచంలో మొట్టమొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలో పెట్టారు. ముద్రలను వర్గాలుగా విడదీసి వెతికే పద్ధతికి హెన్రీ అనే పోలీసు అధికారి పేరు వచ్చింది గానీ, దాని లెక్క వెనుక శ్రమ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులది. ఇప్పుడు పాస్‌పోర్టు సేవా కేంద్రంలో గాజు పలక మీద వేళ్లు పెట్టమంటారు. కలెక్టరు కొడుకైనా, తండా కొడుకైనా అక్కడ వేళ్లు పెట్టాల్సిందే. పాత రోజుల్లో ఎవరి వేళ్లు అడిగారన్నదే తేడా.

ఇక్కడ పక్కదారి పట్టినా చెప్పాలనిపిస్తున్న సంగతి ఒకటుంది. చెంచుల గురించి మొదటి పెద్ద పుస్తకం 1943లో వచ్చింది. రాసింది క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. ఆయన ఆస్ట్రియావాడు. 1938లో జర్మనీ ఆస్ట్రియాను కలిపేసుకోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. 1939లో యుద్ధం రాగానే ఇండియాలో ఉన్న ఆయన శత్రుదేశపు మనిషి అయిపోయాడు. హైదరాబాదు రాజ్యం హద్దుల్లోనే ఉండాలని ఆంక్ష పెట్టారు. ఆ ఆంక్షలో ఉండగానే అమ్రాబాద్ కొండల్లో చెంచు పెంటల మధ్య కొన్ని నెలలు గడిపాడు. ఏ నేరం చేయకుండా, పుట్టిన దేశం పేరు మీద మాత్రమే కదలికలు కట్టుబడిన ఒక మనిషి వచ్చి, పుట్టిన తెగ పేరు మీద ముద్రలు పడే రాజ్యంలో కూర్చుని మన గురించి రాశాడు. అయితే ఆయనకు పైస్థాయిలో స్నేహితులుండేవారు, తర్వాత నిజాం ప్రభుత్వంలో సలహాదారు కూడా అయ్యాడు. మన తాతలకు అట్లాంటి సౌకర్యం లేదు.

1948లో హైదరాబాదు రాజ్యం భారత్‌లో కలిసింది. దానికి ముందూ తర్వాతా జరిగిన రైతాంగ పోరాటంలో అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా తండాలు ముందు వరుసలో నిలిచాయి. దేశ్‌ముఖులను ఎదిరించి ప్రాణమిచ్చిన జాటోతు ఠానూ నాయక్‌ను ఇవాళ వీరుడని తలుచుకుంటున్నాం. ఆనాటి పోలీసు రికార్డులో అట్లాంటివాళ్లు ఏమని ఉంటారో ఊహించుకోవడం కష్టం కాదు. రికార్డు అనేది ఎవరి చేతిలో ఉంటే వాళ్ల కళ్లతో చూస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 1949లో ఈ చట్టం మీద ఒక విచారణ సంఘం వేసింది. దాని అధ్యక్షుడు తిరుపతి ప్రాంతపు అనంతశయనం అయ్యంగారు, తర్వాత లోక్‌సభ స్పీకరు అయినాయన. ఆ సంఘం సిఫారసు మీద 1952 ఆగస్టు 31న నేరస్థ తెగల చట్టం రద్దయింది. అందుకే దేశంలో విముక్త జాతులు ఆ తేదీని తమ స్వాతంత్ర్య దినంగా జరుపుకుంటాయి. కానీ రద్దు సంపూర్ణం కాదు. దాని స్థానంలో రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలు తెచ్చుకున్నాయి. కాగితం మీద అవి తెగకు కాదు, మనిషికి వర్తిస్తాయి. స్టేషన్లో మాత్రం పాత జాబితా చూసిన కళ్లే కొత్త జాబితా రాశాయి. తెలంగాణ ప్రాంతపు లంబాడీలు, ఎరుకలు షెడ్యూల్డు తెగల జాబితాలోకి రావడానికి 1976 నాటి సవరణ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అది 1977లో అమలైంది. అంటే ఒక జాబితా నుంచి బయటపడి ఇంకొక జాబితాలోకి చేరడానికి పాతికేళ్లు. మొన్న 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు, విముక్త జాతులను పుట్టు నేరస్థులుగా చూసే జైలు నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. డెబ్బై రెండేళ్ల తర్వాత కూడా ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటే, ఆ రాత ఎక్కడెక్కడ మిగిలి ఉందో ఆలోచించండి.

ఈ మధ్యకాలంలో మన జిల్లాల మనుషులు కదలకుండా ఉన్నారా అంటే, దేశంలో పాలమూరు కూలీ కట్టని ప్రాజెక్టు ఏదని అడగాలి. కానీ ఆ ప్రయాణానికి కాగితమే లేదు. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి, నోటు పుస్తకంలో వేలిముద్ర వేయించుకుంటే అదే ఒప్పందం, అదే గుర్తింపు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. ప్రతి కూలీకి ఫొటోతో పాస్‌బుక్ ఇవ్వాలని అందులో ఉండేది. ఆ పుస్తకం చేతిలో పట్టుకున్న పాలమూరు మనిషి నాకు ఇంతవరకు కనబడలేదు. కాగితం ఉంటే హద్దు, కాగితం లేకపోతే దిక్కు లేదు: మన వాళ్లు రెండింటి కిందా నలిగారు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయినంతగా మన తండాల నుంచి పోలేదు. మనవాళ్ల దారి బొంబాయి, పుణె, హైదరాబాదు. పాస్‌పోర్టు మన ఇళ్లలోకి ఆలస్యంగా వచ్చింది. అందుకే మన పిల్లలకు ఇంట్లో అడిగి తెలుసుకునే అవకాశం కూడా తక్కువ.

పాస్‌పోర్టు కూడా మొదట హక్కు కాదు, ప్రభుత్వం దయ. 1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు విదేశాలకు వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా ఆపడానికి వీల్లేదని చెప్పింది. దాంతో ప్రభుత్వం అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం తెచ్చింది. ఇక్కడ మనకు పనికొచ్చే సంగతి ఉంది. పోలీసు పాస్ అడుక్కున్న తరానికి, పీసీసీ అడిగే తరానికి మధ్య ఈ తీర్పు నిలబడి ఉంది. పీసీసీ కోసం వెళ్లే పిల్లవాడు ఎవరినీ బతిమాలుకోవడం లేదు, తనకు రావలసింది అడుగుతున్నాడు. 1983 వలస చట్టం ఇంకొక గీత గీసింది: పదో తరగతి పాస్ కానివాళ్లు కొన్ని దేశాలకు పనికి పోవాలంటే వలస సంరక్షకుడి అనుమతి కావాలి. ఇప్పుడా దేశాలు 18, వాటిలో కొన్ని గల్ఫ్‌వి. పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ఉంటే అదే. పది పాసైన మెమో ఉంటే ఆ ముద్ర ఉండదు. పది పరీక్షకు రాకుండా పత్తి ఏరడానికి పోయిన పిల్ల గురించి తండ్రితో మాట్లాడేటప్పుడు ఈ మాట చెప్పి చూడండి.

ఇక పీసీసీ పని ఎట్లా నడుస్తుందంటే, విదేశీ వీసా కోసమైతే పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులోనో, యాప్‌లోనో దరఖాస్తు చేయాలి. రుసుము 500 రూపాయలు. 2022 సెప్టెంబరు 28 నుంచి పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాల్లో కూడా దరఖాస్తు తీసుకుంటున్నారు. ఆ రోజుల వరకు మన పిల్లలు ఒక కాగితం కోసం హైదరాబాదు పోయి రావాల్సి వచ్చేది, కూలీ పోగొట్టుకుని, బస్సు ఖర్చు పెట్టుకుని. అసలు కాగితాలతో చెప్పిన సమయానికి పోతే, ఫైలు జిల్లా పోలీసులకు పోతుంది, అక్కడి నుంచి మన స్టేషనుకు వస్తుంది. వాళ్ల నివేదిక మీద పాస్‌పోర్టు కార్యాలయం సర్టిఫికెట్ ఇస్తుంది. ఇక్కడి ఉద్యోగాల కోసం రాష్ట్ర పోలీసులు ఇచ్చేది వేరే. ఏజెంటు చేతిలో డబ్బులు పెట్టి ఆ రెండో దాన్ని తెచ్చుకుని, వీసా ఆఫీసులో తిప్పి పంపించుకున్నవాళ్లున్నారు.

కాగితం వచ్చాక దాన్ని అవతలి దేశం నమ్మాలి. ఆ నమ్మకం కోసమే ధ్రువీకరణ. పాత పద్ధతిలో ముద్ర మీద ముద్ర: ఇక్కడి శాఖ, కేంద్ర విదేశాంగ శాఖ, ఆ దేశపు రాయబార కార్యాలయం, అక్కడికి పోయాక వాళ్ల విదేశాంగ శాఖ. ఈ గొలుసును తెంపడానికి 1961లో హేగ్ నగరంలో కొన్ని దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఒకే ముద్ర, పేరు అపోస్టిల్, ఒప్పందంలోని దేశాలన్నీ దాన్ని ఒప్పుకుంటాయి. భారత్ అందులో చేరింది, మనకు 2005 జూలై 14 నుంచి అమలు. ఒమన్, బహ్రెయిన్ ఉన్నాయి. సౌదీ 2022 డిసెంబరులో వచ్చింది. దుబాయి, అబూధాబీ ఉన్న ఎమిరేట్స్‌కు మాత్రం ఇంకా పాత గొలుసే. విదేశాంగ శాఖ 2019 నుంచి ఈ ముద్రల పనిని హైదరాబాదులో కూడా చేస్తోంది. అపోస్టిల్‌కు ప్రభుత్వ రుసుము 50 రూపాయలు, కాగితాలు తీసుకునే గుర్తింపు పొందిన సంస్థ సేవా రుసుము దాని మీద కొద్దిగా. వేలకు వేలు అడిగితే అది ముద్ర ఖరీదు కాదు, మన తెలియనితనం ఖరీదు. మనిషిని విదేశానికి పంపినందుకు లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దాని మీద పన్ను తప్ప ఎక్కువ తీసుకోకూడదు.

నియమాలు ఎట్లా మారుతాయో కూడా తెలియాలి. 2018 ఫిబ్రవరి 4 నుంచి ఎమిరేట్స్ ప్రభుత్వం పని వీసాకు సత్ప్రవర్తన ధ్రువపత్రం తప్పనిసరి చేసింది. రెండు నెలలు తిరగకుండానే, ఏప్రిల్ 1 నుంచి మనవాళ్లకు ఆ నియమం ఆపేసింది. ఆ మధ్యలో ఎంతమంది ముద్రల కోసం డబ్బు కట్టి ఉంటారు! కంపెనీ ఏం అడిగిందో రాతలో చూడకుండా ముందుగానే కాగితాలు చేయించుకోవడం మంచిది కాదు. పీసీసీని చాలా దేశాలు ఆరు నెలల లోపుదే ఒప్పుకుంటాయి.

మన పిల్లల కాగితం ఆగేది సాధారణంగా రెండు చోట్ల. ఒకటి, కేసు. తండాల్లో నాటుసారా కేసులు, బైండోవర్లు ఎంత మామూలో నేను చెప్పనక్కర్లేదు. అమ్మ కాచిన సారాకు ఇంట్లో ఉన్న కొడుకు పేరు రాసుకుపోతారు. పండుగలకు, ఎన్నికలకు ముందు కొందరిని వరుసగా తహసీల్దారు ముందు నిలబెట్టి బాండు రాయిస్తారు. ఆ పిల్లవాడికి అది గుర్తు కూడా ఉండదు. అయిదేళ్ల తర్వాత వీసా దగ్గర గుర్తొస్తుంది. ఇక్కడ చట్టం ఏమంటుందో తెలిస్తే సగం భయం పోతుంది. కోర్టులో విచారణలో ఉన్న క్రిమినల్ కేసు పాస్‌పోర్టుకు అడ్డు. అయినా 1993 ఆగస్టు 25 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఆ కోర్టే అనుమతి ఇస్తే పాస్‌పోర్టు ఇవ్వవచ్చు. ఎఫ్ఐఆర్ ఒక్కటే ఉండి కోర్టు ఇంకా కేసును తీసుకోకపోతే దాన్ని విచారణలో ఉన్న కేసుగా లెక్కపెట్టరాదని విదేశాంగ శాఖ 2019 అక్టోబరులో స్పష్టం చేసింది. బైండోవర్ అంటే శిక్ష కాదు. కొట్టేసిన కేసు ఉంటే తీర్పు నకలు ఇంట్లో భద్రంగా ఉండాలి, పోలీసు కంప్యూటరులో ఆ సంగతి ఎక్కి ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. షెడ్యూల్డు తెగవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు రాస్తే చాలు. చిన్న కేసులు లోక్ అదాలత్‌లో ముగించుకోవచ్చు. కానీ నేరం ఒప్పుకుని జరిమానా కట్టేసి వదిలించుకుందామని ఎవరైనా సలహా ఇస్తే, సంతకం చేసే ముందు వకీలుతో మాట్లాడాలి. నూరు రూపాయల జరిమానా అయినా శిక్ష శిక్షే, ఫారం అడిగితే అది రాయాల్సి వస్తుంది. దాచిపెడితే ఇంకా పెద్ద నేరం, పాస్‌పోర్టే పోవచ్చు.

రెండోది పేరు. రమావత్ శ్రీను అని బడిలో, రమావత్ శ్రీను నాయక్ అని ఆధార్‌లో, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకచోట టి, ఇంకొకచోట టిహెచ్. ఒకరి పేరు మీద ఉన్న కేసు ఇంకొకరికి తగులుకునేది కూడా ఇక్కడే. ఒకే తండాలో, ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరున్నవాళ్లు ముగ్గురుంటారు. తండ్రి పేరు కూడా కలిస్తే ఇక దేవుడే దిక్కు. ఊళ్లు, జిల్లాలు కూడా మారాయి. పుట్టినప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 తర్వాత నాగర్‌కర్నూల్ జిల్లా. పుట్టినప్పుడు పెద్ద ఊరి శివారు తండా, 2018లో రాష్ట్రంలో 1177 తండాలు, గూడేలు పంచాయతీలు అయినప్పటి నుంచి అదే ఒక ఊరు. మన తండాలో మన సర్పంచి అని మనం సంబరపడ్డాం, సంబరపడాల్సిందే. కానీ పాస్‌పోర్టులో పాత ఊరు, ఆధార్‌లో కొత్త పంచాయతీ ఉంటే పోలీసు విచారణకు వచ్చినవాడు చిరునామా కలవలేదని రాసిపోతాడు. చిరునామా మారితే పీసీసీ కంటే ముందు పాస్‌పోర్టునే మళ్లీ జారీ చేయించుకోవాల్సి రావచ్చు.

ఈ పేరు, ఈ పుట్టిన తేదీ మొదట రాసేది ఎవరు? ఆసుపత్రి కాదు, తహసీల్దారు కాదు. మన ప్రాంతంలో ఇవాళ ఇరవై, ముప్పై ఏళ్లున్న చాలామందికి జనన ధ్రువపత్రం లేదు. వాళ్లకు బడి ప్రవేశ రిజిస్టరే మొదటి రాత. జూన్‌లో తండాకు పోయి, చెట్టు కింద కూర్చుని, "పిల్ల ఎప్పుడు పుట్టింది?" అంటే, "పెద్ద వాన పడ్డ ఏడు" అని తల్లి చెబితే, ఉపాధ్యాయుడు ఒక తేదీ రాస్తాడు. దానినుంచి పది మెమో, దానినుంచి పాస్‌పోర్టు, దానినుంచి పీసీసీ, దాని మీద అపోస్టిల్. హేగ్ ఒప్పందంలోని దేశాలన్నీ నమ్మే ముద్ర కింద చిట్టచివర ఉన్నది ఒకటో తరగతి పంతులు చేతిరాత. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు పాస్‌పోర్టు కోసం జనన ధ్రువపత్రమే కావాలని నియమం వచ్చింది. ఆ పిల్లలు ఇప్పుడిప్పుడే అంగన్‌వాడీకి వస్తున్నారు. నల్లమల పెంటల్లో ఇప్పటికీ ఇంటి దగ్గరే కాన్పులు ఉన్నాయి. ఆ బిడ్డల పుట్టుకను 30 రోజుల లోపల పంచాయతీలో నమోదు చేయించడం తేలిక. ఆ తర్వాత అయితే పై అధికారి అనుమతి, ప్రమాణ పత్రం.

పాత రిజిస్టరులోని తప్పు పేరును పదో తరగతి నామినల్ రోల్స్ పోకముందే సరిచేస్తే పిల్లవాడు తండ్రి ఆధార్ తెస్తే సరిపోతుంది. బోర్డుకు పోయాక అదే అక్షరం కోసం ఫైలు హైదరాబాదు దాకా పోవాలి. తొమ్మిదో తరగతి పిల్లలను ఒక పూట కూర్చోబెట్టి, ప్రతివాడి చేతా తన పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, తండా, పంచాయతీ, మండలం, జిల్లా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయించి, ఆధార్ పక్కన పెట్టి చూడమని చెబితే అరగంట పని. పోయిన ఏడాది మా బడిలో నలభై ఒక్కమందిలో పదిహేడుగురికి ఏదో ఒక చోట తేడా వచ్చింది.